ఎడమవైపు సీటు

పెళ్ళికి వచ్చిన కానుకల్లో గోడ గడియారాలు చాలా ఉన్నాయి, రాధాకృష్ణుల బొమ్మలు ఇంకా ఎక్కువ ఉన్నాయి. వాటి వెనక గోడకి చేరగిలబెట్టి, మెరుపు కాగితం చుట్టిన పొడవాటి పెట్టె ఒకటి ఉంది. చంద్రికతో చదువుకున్న స్నేహితులంతా కలిసి కొనిచ్చిన వెడల్పాటి ఎల్‌సీడీ మానిటరు అది. అప్పగింతలప్పుడు ఒక్క కన్నీటిచుక్క రాల్చని పెళ్ళికూతురు, ఆ పెట్టె విప్పగానే కళ్ళు తుడుచుకుందని అమలాపురంలో పుట్టింటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

విశాఖపట్నం మద్దిలపాలెంలోని అత్తవారింట్లో, కొత్త జంటకి ఇచ్చిన గదిలో మంచం కంటే ముందు ఆ మానిటరుకే చోటు కుదిరింది. చంద్రిక పిల్లల కోసం కంప్యూటర్ గేమ్స్ రాస్తుంది. ఆమె భర్త దినకర్ ఋషికొండ దగ్గర ఒక పరిశోధనా కేంద్రంలో తెరల మీద, కళ్ళ మీద ప్రయోగాలు చేస్తాడు. పెళ్ళిచూపుల్లో ఇద్దరినీ మేడ మీద కాసేపు మాట్లాడుకోమని వదిలేస్తే, అతను అడిగిన మొదటి ప్రశ్న, "మీరు కార్ల రేసులు ఆడతారా?" ఆమె చెప్పిన జవాబు, "ఆడతానండీ. ఓడిపోతే మీరు అలగరు కదా?"

అలగలేదు. రోజూ ఓడిపోయాడు, రోజూ సంబరపడ్డాడు. ఆ తెర ఎంత వెడల్పంటే, కొండ రోడ్డు మలుపు తిరిగినప్పుడల్లా చంద్రిక ఒళ్ళు కూడా వంగిపోయి అతని భుజం మీద వాలేది. కొన్నిసార్లు రోడ్డు తిన్నగా ఉన్నా వాలేది. అతను ఆ సంగతి గమనించి కూడా పైకి అనేవాడు కాదు.

ఆ బల్ల ముందు రెండు కుర్చీలు. ఎడమ కుర్చీ ఆమెది, కుడి కుర్చీ అతనిది. అలాగని ఎవరూ అనుకోలేదు. పెళ్ళిపీటల మీద తాళి కట్టాక పురోహితుడు చంద్రికని కుడివైపు నుంచి లేపి ఎడమవైపు కూర్చోబెట్టి, "ఇక నుంచీ నీ చోటు ఇదేనమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఫొటోల్లోనైనా, సినిమా హాల్లోనైనా, ఆటోలోనైనా ఆమె కాళ్ళు వాటంతటవే అటే వెళ్ళేవి.

ఆ ఇంట్లో ఉండే మూడో మనిషి దినకర్ తండ్రి పైడిరాజు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. బతుకంతా ఆర్టీసీ బస్సు నడిపాడు, అందులో ఎక్కువ భాగం పాడేరు ఘాట్ మీద. కొడుకు పెళ్ళికి ముందు ఏడాది మెదడులో ఒక రక్తనాళం పూడుకుపోయి ఆస్పత్రి పాలయ్యాడు. మనిషి దక్కాడు. మాట దక్కింది, ఎడమ కాలు కాస్త ఈడ్చినా నడక దక్కింది. కళ్ళకి ఏ లోపమూ లేదు. కానీ ప్రపంచానికి ఎడమవైపు అనేది ఒకటుందని ఆయన మెదడు మరిచిపోయింది.

కొత్త కోడలు వడ్డించిన మొదటిరోజు ఆయన కంచంలో కుడి సగం శుభ్రంగా తిని తలెత్తాడు.

"ఏటమ్మా, పప్పన్నమేనా? కూరేటీ సెయ్యలేదా?"

దినకర్ చెప్పిన కిటుకు ఆమెకి గుర్తొచ్చింది. కంచాన్ని సగం చుట్టు తిప్పింది.

"ఓలమ్మో! వంకాయ కూర! ఇదెప్పుడేసేవు?"

"ఇందాక మీరు రెప్ప వేసినప్పుడు మావయ్యగారూ."

ఆయన ఇల్లంతా వినిపించేలా నవ్వాడు. కంచం తిప్పడం ఇద్దరికీ ఆటైపోయింది. కానీ ఒకరోజు తింటూ తింటూ ఆగి చెప్పాడు. "అద్దం సగం ఇరిగిపోయినట్టు ఉంటాదనుకుంటారమ్మా అందరూ. అలాగ్గాదు. ఇరిగిందని తెలిస్తే మార్పించుకుందుము. నాకు అద్దం నిండుగానే అవుపిస్తాది. అదే బెంగ."

ఆ మాట చంద్రిక మనసులో ఉండిపోయింది.

దినకర్ ఏడాదికి పైగా కష్టపడుతున్నది తండ్రి పోగొట్టుకున్న ఆ ఎడమవైపు కోసమే. ఒక ఆదివారం అతను తన లాబ్‌లో తయారైన తెరని దుప్పటిలో చుట్టి ఆటోలో తెచ్చాడు. చూడ్డానికి అదీ వాళ్ళ పెళ్ళి మానిటరులాంటిదే, అంతే వెడల్పు. పైన అగ్గిపెట్టెంత కెమెరా మాత్రం కొత్త. దాన్ని బల్ల మీద నిలబెట్టి, చంద్రికని ఎడమ కుర్చీలో కూర్చోమని, తను కుడివైపు కూర్చున్నాడు.

"నేను కుడి అంచునే చూస్తూ ఉంటాను. నువ్వు తెర ఎడమ అంచు చూడు."

ఆమె చూసింది. దినకర్ తల ఎవరో చెవి పట్టి లాగినట్టు ఎడమకి తిరిగింది.

"అదేంటి!"

"మళ్ళీ చూడు."

చూసింది. మళ్ళీ తిరిగింది. ఆమె నవ్వాపుకోలేక అటూ ఇటూ చూస్తూ పోయింది, మొగుడి తల గంగిరెద్దు తలలా ఊగింది.

ఆయాసం తీర్చుకుని అతను వివరించాడు. ఎల్‌సీడీ అద్దాల మధ్య ఉండే ద్రవ స్ఫటికాలు కరెంటు తగలగానే కిటికీ రెక్కల్లా పక్కకి తిరుగుతాయి. వాటిని రెండు కోణాల్లో తిప్పి, ఎడమ కుర్చీకి ఒక వెలుగు, కుడి కుర్చీకి ఇంకో వెలుగు వెళ్ళేలా చేశాడు. ఎడమ కుర్చీలో మనిషి కళ్ళని కెమెరా కనిపెడుతూ ఉంటుంది. ఆ కళ్ళు ఎడమ అంచుకి వెళ్ళగానే, కుడి కుర్చీలో మనిషికి సన్నటి మినుకు ఒకటి వెళుతుంది. అది కంటికి తెలియదు, మెదడుకి తెలుస్తుంది.

"అంటే గిల్లుడన్నమాట," అంది చంద్రిక.

"లాబ్‌లో దీనికి చాలా పెద్ద పేరుంది."

"ఉండనివ్వండి. ఇది గిల్లుడే."

వారం తిరిగేసరికి లాబ్ డైరెక్టరు డాక్టర్ సరోజిని కూడా సమావేశాల్లో గిల్లుడు అనే అంటున్నారు.

రోజూ ఎవరో ఒకరు తన తరఫున ఎడమవైపు చూసి గిల్లుతూ ఉంటే, పైడిరాజు మెదడుకి మరిచిపోయిన వైపు మెల్లగా గుర్తుకొస్తుందని దినకర్ నమ్మకం. ఆడడానికి ఆట కావాలి. అది చంద్రిక రాసింది. పాడేరు ఘాట్, వానకి తడిసిన మలుపులు, కాఫీ తోటలు, అడ్డంగా వచ్చే మేకలు, చెయ్యెత్తే ప్రయాణికులు. బల్లకి స్టీరింగు బిగించారు. కుడి కుర్చీలో డ్రైవరు పైడిరాజు, ఎడమ కుర్చీలో కండక్టరు చంద్రిక. కండక్టరుకి మీటలూ లేవు, బొత్తాలూ లేవు. ఎడమవైపు చూస్తూ ఉండడమే పని. ఆమె చూడగానే మిగతాది తెర చూసుకుంటుంది.

దినకర్ ఒక నియమం పెట్టాడు. ఆడేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే, గుణం గిల్లుడు వల్ల వచ్చిందో మాట వల్ల వచ్చిందో తేలదు.

"గంటసేపు మాట్లాడకుండానా? నేనా?" అంది చంద్రిక.

"సైన్సు కోసం."

"సైన్సుకి నా సంగతి తెలీదండీ."

అయినా నోరు మూసుకుంది. మాట తన్నుకొచ్చినప్పుడల్లా చున్నీ కొస నోట్లో కుక్కుకునేది. కుడి కుర్చీలో కూర్చునే వాళ్ళకి ఏ హానీ లేదని లాబ్‌లో ముందే ఎన్నో పరీక్షలు చేశారు. ఎడమ కుర్చీలో వాళ్ళకి ఏమవుతుందని ఎవరికీ తోచలేదు. ఇచ్చేవాళ్ళని ఎవరు పరీక్షిస్తారు?

మొదట్లో పైడిరాజు బస్సు ఎడమవైపు కొండని గీరుకుంటూనే పోయేది. మేకలు ఎగిరిపడేవి. "ఏదో తగిలినట్టున్నాదే," అని గొణుక్కుంటూ ఆయన కుడివైపు వెతికేవాడు. వానలు మొదలయ్యాయి. ఆషాఢం వచ్చింది. కూతుర్ని పంపమని అమలాపురం నుంచి ఫోను వస్తే, "అత్తలేని ఇంట్లో ఆసాఢమేటమ్మా, నాతో నీకేటి గొడవ," అన్నాడు పైడిరాజు. చంద్రికకీ వెళ్ళాలని లేదు. ఆట మధ్యలో ఆపడం ఇష్టం లేదు, మొగుణ్ణి వదిలి వెళ్ళడం అసలే ఇష్టం లేదు.

ఒక సాయంత్రం ఘాట్ మలుపులో బస్సు దానంతటదే ఆగినట్టు ఆగింది. చంద్రిక స్టీరింగు వైపు చూసింది. పైడిరాజు కాలు బ్రేకు మీద ఉంది. తెర ఎడమ అంచున, పనసపండు బుట్టతో ఒక ముసలమ్మ చెయ్యెత్తి నిలబడి ఉంది.

"ఎక్కమ్మా," అన్నాడాయన, నియమం మాటే మరిచి.

చంద్రిక చున్నీ కొసని గట్టిగా కొరికింది.

ఆ రోజు భోజనాల దగ్గర ఆమె కంచం తిప్పబోతే ఆయన చెయ్యి అడ్డుపెట్టాడు. "గోంగూర పచ్చడేసి సెప్పవేటమ్మా?" అంటూ వేలు ఎడమవైపు చాచి పచ్చడి నాకాడు. దినకర్ చప్పున లేచి వంటింట్లోకి వెళ్ళాడు. చంద్రిక వెనకే వెళ్ళి చూస్తే మసిగుడ్డతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మొహమంతా మసి చేసుకున్నారు," అంది.

"ఉండనీ," అన్నాడతను.

ఇంటిల్లిపాదీ ఆ ఆనందంలో ఉండగా, కొన్ని చిన్న చిన్న సంగతులు ఎవరి కంటా పడకుండా జరిగిపోయాయి.

చంద్రిక ఎడమ భుజం రోజూ గుమ్మానికి కొట్టుకునేది. వీడియో కాల్‌లో వాళ్ళమ్మ, "ఎడమ చెవికి బుట్టకమ్మ ఏదే?" అని అడిగి, సమాధానం వినకుండానే, "కొత్త పెళ్ళికూతురివి, నీకు ఒళ్ళు తెలుస్తుందా ఏంటి," అని నవ్వేసింది. ఒకరోజు రేసు ఆడుతూ దినకర్ ఆమె వెనక నుంచి చెయ్యి పోనిచ్చి ఎడమ చేతి మీద మెల్లగా గిల్లాడు. ఆమె తిరగలేదు. ఉలకలేదు, పలకలేదు. ఏదో అలిగిందనుకుని భయపడి, బజారుకి వెళ్ళి మల్లెపూలు తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో తెలియకపోయినా చంద్రిక పొంగిపోయి, పూలన్నీ జడకి కుడివైపే పెట్టుకుంది.

తర్వాత ఒకనాడు బీచ్ రోడ్డు దాటుతుంటే ఆమెకి జానెడు దూరంలో ఒక స్కూటరు కీచుమని ఆగింది. "కళ్ళు కనబట్టంలేదా అమ్మా!" అని నడిపేవాడు అరిచాడు. ఆ స్కూటరు ఆకాశంలోంచి ఊడిపడిందని ఆమె నిజంగానే నమ్మింది. ఇంట్లో చెప్పలేదు. పరధ్యానంలో నడిచానని తిడతారనుకుంది.

శ్రావణంలో ఒక ఉదయం, వాన వెలిశాక చంద్రిక వాకిలి కడిగి ముగ్గు పెట్టింది. చుక్కలు పెట్టి, మెలికలు తిప్పి, మధ్యలో ఎనిమిది రేకుల తామర. లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, తన పని చూసి తనే మురిసిపోయింది.

పైడిరాజు చేతికర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ముగ్గుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"ఏటమ్మా, సగమెట్టి ఒగ్గేసేవు? పిండయిపోనాదా?"

"పూర్తిచేశాను కదా మావయ్యగారూ."

ఆయన నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు. వేళాకోళం కాదు. తామరకి ఎడమవైపున తడి నేల మీద చుక్కలు తప్ప గీత అనేది లేదు. ఆ చుక్కలు కూడా సగం దాకానే ఉన్నాయి. ఆమె చేతుల వైపు చూశాడు. కుడిచేతికి గాజుల నిండు వరస, ఎడమచేతికి ఏమీ లేవు.

ఆ ఇంట్లో ఇంకెవరికీ అర్థం కానిది ఆయనకి ఆ క్షణంలోనే అర్థమైంది. చేతికర్ర గోడకి ఆనించి, కాలు ఈడ్చుకుంటూ మెట్లు దిగి, కోడలి చెయ్యి పట్టుకుని ముగ్గు చుట్టూ నడిపించి అవతలి పక్కన నిలబెట్టాడు.

"ఇక్కడ్నించి సూడమ్మా."

అక్కడి నుంచి ముగ్గు తిరగబడింది. లేని సగం ఆమె కుడివైపుకి వచ్చింది. చంద్రిక చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత మెల్లగా, "నాకు నిండుగానే కనిపించిందండీ," అంది.

"తెలుసమ్మా," అన్నాడు పైడిరాజు. "నాకు తెలుసు."

లాబ్‌లో డాక్టర్ సరోజిని ఒక కాగితం ఇచ్చారు. దాని నిండా చిన్న చిన్న గీతలు. ప్రతి గీతనీ పెన్సిలుతో కొట్టెయ్యమన్నారు. చంద్రిక శ్రద్ధగా కొట్టేసి, "అయిపోయింది మేడమ్," అంది. సరోజిని కాగితాన్ని సగం చుట్టు తిప్పి ముందుపెట్టారు. కంచం తిప్పినట్టే. తాకని గీతలన్నీ అక్కడున్నాయి.

"ఎడమ కుర్చీ," అన్నారు సరోజిని, దినకర్ వంక చూసి. "మనలో ఒక్కరమైనా ఆలోచించామా?"

దినకర్ పెన్సిలు తాకని గీతల్ని ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాడు.

ప్రయోగం ఆపేశారు. ఇంట్లో ఉన్న తెరని సోమవారం లాబ్ వాను వచ్చి తీసుకువెళుతుందన్నారు. పోయినది తిరిగొస్తుందా అని చంద్రిక అడిగితే, రావచ్చని అన్నారు గానీ తప్పకుండా వస్తుందని అనలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె గంగవరం వైపు కదులుతున్న ఓడ దీపాలనో, అలలనో చూస్తూ ఉండాల్సింది. కానీ అటూ ఇటూ తడుముకుంటూ, "ఏమండీ, ఎక్కడున్నారు?" అంది.

"ఇక్కడే ఉన్నాను," అంది దినకర్ గొంతు.

ఆటో తెరిచి ఉన్న వైపు నుంచి ఆమెకి ఏ దెబ్బా తగలకూడదని, పెళ్ళయ్యాక మొదటిసారి అతను ఆమెకి ఎడమవైపు కూర్చున్నాడు. ఆమెకి అటువైపు చోటే లేదు. చోటు లేని చోటి నుంచి మొగుడి గొంతు వస్తోంది. గుమ్మం తగిలినప్పుడు, స్కూటరు మీదికి వచ్చినప్పుడు, సగం ముగ్గు చూసినప్పుడు కూడా భయపడని చంద్రికకి అప్పుడు భయం వేసింది. సగం ముగ్గుతో బతకొచ్చు. పక్కనే ఉన్న ఇతను కనపడకుండా పోతే బతకడం ఎలా?

సోమవారానికి మధ్యలో రెండు రోజులున్నాయి. దినకర్ తెర వైపు కన్నెత్తి చూడలేదు. "నాన్నకి కళ్ళిద్దామని నీ కళ్ళు తీశాను," అన్నాడొకసారి. "ఆట రాసింది నేను కదండీ," అంది చంద్రిక. ఇద్దరూ చెరో తప్పు నెత్తికెత్తుకుని, దాన్నెక్కడ దింపాలో తెలియక తిరిగారు.

ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, గదిలోంచి గట్టిగా ఈల వినిపించింది.

పరిగెత్తుకెళ్ళి చూస్తే, పైడిరాజు ఎడమ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రిటైరైన రోజున ఆయన కండక్టరు గుర్తుగా ఇచ్చిన ఇత్తడి ఈల పళ్ళ మధ్య ఉంది. స్టీరింగుని కుడి కుర్చీ ముందు వదిలేశాడు. తెర వెలుగుతోంది.

"అమ్మా, ఎక్కు. బండి తియ్యి," అన్నాడు ఈల తీసి.

"నాన్నా!" దినకర్ ఒక్క అంగలో బల్ల దగ్గరికి వచ్చాడు. "ఆ కుర్చీ ఎవరికి ఏం చేస్తుందో చూశావు కదా. నీకొచ్చిన ఎడమవైపు మళ్ళీ పోతుంది."

"పోతే పోనీరా. సగం కంచం తినడం నాకలవాటే."

"మావయ్యగారూ, వద్దండీ," అంది చంద్రిక. "అంత కష్టపడి తెచ్చుకున్నారు."

"నువ్విస్తే వచ్చింది గదా. నాను తెచ్చుకున్నానేటి?" ఆయన తన పక్కన ఖాళీ కుర్చీని అరచేత్తో తట్టాడు. "రేపు బండి షెడ్డుకెల్లిపోతాది. ఉన్నది ఇయాళే. నువ్వెక్కకపోతే నానీ సీటు దిగను. అన్నమూ తినను."

"ఇప్పుడే కదా తిన్నావు," అన్నాడు దినకర్.

"రాత్రికి తినన్రా!"

ఇన్ని రోజుల తర్వాత చంద్రికకి నవ్వొచ్చింది. వెళ్ళి కుడి కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలోంచి ఆ తెరని చూడడం ఆమెకదే మొదటిసారి.

"రైట్ రైట్!" ఈల మోగింది. బస్సు కదిలింది. "అబ్బెబ్బే, అదేటి కొట్టుడు! మెల్లగా తిప్పమ్మా, అది పిండి రుబ్బుడు గాదు! ఎడమేపు లారీ! ఎడమేపు, ఎడమేపు! ఆ, అలాగ. ఆగాగు, మేకలు. ముందు తల్లి మేక, ఎనకాల పిల్ల. పిల్ల గెంతుతాది సూడు. గెంతింది! రైట్, పోనీ!"

"నాన్నా, మాట్లాడకూడదు," అన్నాడు దినకర్ అలవాటు కొద్దీ. "నియమం."

"నోరు మూసుకున్న కండక్టర్ని నువ్వే డిపోలో సూసేవురా?"

చంద్రిక పగలబడి నవ్వింది. నవ్వుతూనే బస్సుని కాఫీ తోటలోకి ఎక్కించింది. పైడిరాజు ప్రయాణికుల తరఫున కూడా తనే తిట్టాడు. "ఓలమ్మా, నా కోడిగుడ్లన్నీ పోనాయి! ఎవుడే నీకు లైసెన్సిచ్చింది?" కండక్టరు నవ్వులకి డ్రైవరు చేతులు పట్టు తప్పాయి, డ్రైవరు కేకలకి కండక్టరు ఈల జారి ఒళ్ళో పడింది. దినకర్ తలుపుకి ఆనుకుని చూస్తూ ఉండిపోయాడు. ఒక మలుపు దగ్గర చంద్రిక తల, ఎవరో చెవి పట్టి లాగినట్టు, ఎడమకి తిరిగింది.

సోమవారం వాను వచ్చింది. దినకర్ గేటు దాకా వెళ్ళి డ్రైవరుతో ఏదో చెప్పి తిప్పి పంపేశాడు. తర్వాత ఫోనులో డాక్టర్ సరోజినితో చాలాసేపు మాట్లాడాడు. ఆవిడ ఒక షరతు మీద ఒప్పుకున్నారు. రోజూ ఇద్దరికీ, రెండు కుర్చీలకీ, కాగితం పరీక్ష చెయ్యాలి.

మొదటి వారంలో చంద్రిక కాగితం మీద కొట్టేసిన గీతలు ఎడమకి జరిగాయి. అది ఊహించినదే. దినకర్ బిక్కుబిక్కుమంటూ తండ్రి కాగితం తిప్పి చూశాడు. అక్కడ జరగాల్సింది జరగలేదు. పైడిరాజు ఎడమవైపు తగ్గలేదు. ముందు కంటే ఒక వరస ఎక్కువే కొట్టేశాడు.

"ఇదెలా?" అన్నాడు దినకర్. ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "ఇచ్చేవాళ్ళకి తగ్గాలి కదా. నీకు తగ్గింది. ఈయనకెందుకు తగ్గలేదు?"

చంద్రిక దోసె తిరగేస్తోంది. పక్క గదిలో పైడిరాజు ఒక్కడే కూర్చుని, ఎవరూ లేని బస్సుకి రైట్ చెబుతున్నాడు. ఆమె అట్లకాడ గాల్లోనే ఆపింది.

"ఏమండీ, నేను ఎడమవైపు చూసినప్పుడు ఏం చేసేదాన్ని?"

"చూసేదానివి. అంతే."

"అంతే కదా. చూడగానే తెర పని కానిచ్చేసేది. నేను చెప్పాల్సింది లేదు, చెయ్యాల్సింది లేదు. అటువైపు నాకే పనీ లేదని నా మెదడుకి నేనే నేర్పించాను. పనిలేని వైపుని అదెందుకు మోస్తుంది?" ఆమె అట్లకాడతో పక్క గది వైపు చూపించింది. "మావయ్యగారికి అటు బోలెడు పని. మేకని చూస్తే మేక గురించి చెప్పాలి, పిల్ల గురించి చెప్పాలి, నన్ను తిట్టాలి."

దినకర్ చేతిలోని కాగితాన్ని మళ్ళీ మొదటి నుంచీ చూశాడు. దోసె మాడింది.

"అంటే తప్పు గిల్లుడులో లేదు," అన్నాడు చివరికి.

"నా నోరు మూయించడంలో ఉంది," అంది చంద్రిక గొప్పగా. "సైన్సుకి నా సంగతి తెలీదని చెప్పానా, లేదా?"

తేల్చుకోవడానికి మిగతా వర్షాకాలం అంతా పట్టింది. పోల్చి చూడడానికి కొంతమంది జంటల్ని నిశ్శబ్దంగా కూర్చోబెడదామంటే సరోజిని ఒప్పుకోలేదు. నష్టపోయింది చంద్రిక ఒక్కతే చాలు అన్నారు. అందరినీ మాట్లాడించారు, ప్రతి స్టాపులోనూ కుర్చీలు మార్పించారు. ఎడమవైపు పోగొట్టుకున్న భర్తలు భార్యలతో వచ్చారు, ఒక టీచరమ్మ తన చెల్లెలితో వచ్చింది. ఋషికొండ దగ్గర ఆ పరిశోధనా కేంద్రంలో గోడ మీద ఉండే 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డుని దినకర్ స్వయంగా ఊడదీశాడు. ఇప్పుడు ఆ గదిలోకి వెళితే బస్టాండులోకి వెళ్ళినట్టే ఉంటుంది. ఒకళ్ళు లారీ అంటారు, ఒకళ్ళు గేదె అంటారు, మొగుడి డ్రైవింగుని తిట్టడానికి ఇన్నేళ్ళూ అవకాశం దొరకని ఒకావిడ మనసారా తిట్టుకుంటూ ఉంటుంది. పైడిరాజు వారానికోసారి వెళ్ళి, కొత్త కండక్టర్లకి ఈల ఎలా వెయ్యాలో నేర్పి వస్తాడు.

పోయినదంతా తిరిగొచ్చిందని చంద్రిక చెప్పుకోదు. బాగా అలిసిపోయిన రోజున ఎడమ భుజం ఇప్పటికీ గుమ్మాన్ని పలకరిస్తుంది. రోడ్డు దాటేటప్పుడు ఆగి, "ఎడమేపు" అని పైకే అనుకుని, తల తిప్పి చూసి మరీ దాటుతుంది. ఎవరైనా వింతగా చూస్తే చూడనీ అంటుంది. ముగ్గు పెట్టాక గుమ్మంలో నిలబడ్డ పైడిరాజు పరిశీలిస్తాడు. ఎక్కడైనా చుక్క తప్పితే ఒక్క ఈల. ఎక్కడో చెప్పడు. ఆమే వెతుక్కోవాలి, వెతుక్కుంటుంది కూడా.

దీపావళి వెళ్ళాక, లాబ్ తెరని లాబ్‌కి పంపేసి, పెళ్ళి మానిటరుని మళ్ళీ బల్ల ఎక్కించారు. కెమెరా లేదు, మినుకు లేదు, మామూలు ఎల్‌సీడీ తెర. సాయంత్రం ఎండ కిటికీలోంచి వచ్చి దాని మీద పడుతుంటే చంద్రిక పరదా లాగి, అలవాటుగా ఎడమ కుర్చీ వైపు నడిచి, మధ్యలో ఆగింది.

"ఇవాళ అటు మీరు కూర్చోండి."

"పంతులుగారికి తెలిస్తే?"

"ఆయనకి గేమ్స్ రావు లెండి."

దినకర్ ఎడమ కుర్చీలో కూర్చున్నాడు. రేసు మొదలైంది. కొండ రోడ్డు, మలుపులు, తెర నిండా సముద్రం. చంద్రిక కారు ముందుంది. ఎప్పటిలాగే గెలుస్తోంది. కళ్ళు తెరని వదల్లేదు, వేళ్ళు మీటల్ని వదల్లేదు, పక్కన మనిషి మాట్లాడడం మానేసిన సంగతి కూడా ఆమె గమనించలేదు.

ఎడమ చేతి మీద, గాజులకి పైన, ఎవరో గిల్లారు.

"అమ్మా!" అంటూ చంద్రిక గిర్రున అటు తిరిగింది. ఎవరూ చెప్పకుండానే తిరిగింది. ఆమె కారు సముద్రంలో పడింది. దినకర్ ఆమెని చూస్తూ ఉండిపోయాడు. అతని కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. అతని కారు కూడా ఆమె వెనకే సముద్రంలో పడింది.

పక్క గదిలోంచి ఈల వినిపించింది. "ఏటా గొడవ? ఎవుడు గెలిసేడు?"

"నేనే మావయ్యగారూ!" అని కేకేసింది చంద్రిక, ఎడమవైపు నుంచి చూపు తిప్పకుండా.